ఇన్నాళ్లూ పడిన తిండి ఇవాళ ఎందుకు పడదు?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ‘మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. చిన్నప్పటి నుంచీ రొయ్యలు ఇష్టంగా తింటాడు. ఈ మధ్య రెండుసార్లు, తిన్న కాసేపటికే పెదవులు వాచాయి, ఒంటి మీద దద్దుర్లు లేచాయి. ఇన్నేళ్లుగా తింటున్నదేగా, ఇప్పుడు అలర్జీ ఎలా వస్తుంది?’

వస్తుంది. ‘ఇన్నేళ్లుగా తింటున్నదేగా’ అన్న ధీమాతోనే చాలా ఇళ్లలో అసలు కారణం చేతికి చిక్కకుండా పోతుంది. రక్తం చెడిందనో, నీళ్లు మారాయనో సరిపెట్టుకుంటారు. నిజానికి శరీరం ముందెన్నడూ ఎరగని పదార్థం మీద ఈ రకం అలర్జీ రాదు. ఆ ప్రొటీనుతోనో, దాని పోలికలున్న ఇంకో ప్రొటీనుతోనో పాత పరిచయం ఉండి తీరాలి. కాబట్టి ఇన్నాళ్లూ తిన్న తిండి కూడా అనుమానితుల జాబితాలో ఉండాల్సిందే.

ఈ పరిచయానికి గుర్తు రక్తంలో ఉంటుందని 1921లో ప్రౌస్నిట్స్, క్యూస్ట్‌నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ ఒంటి మీదే రుజువు చేసుకున్నారు. క్యూస్ట్‌నర్‌కు చేప పడదు. ఆయన రక్తం నుంచి తీసిన సీరాన్ని (కణాలు పోగా మిగిలే ద్రవాన్ని) ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేపసారం ఎక్కిస్తే అక్కడ దద్దురు లేచింది. ఆ సీరంలో ఏముందో తేలడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966లో ఇషిజాకా దంపతులు, దాదాపు అదే కాలంలో విడిగా స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ దాన్ని పట్టుకున్నారు. అదే ఐజీఈ అనే యాంటీబాడీ, అంటే రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ఒక ప్రొటీను. పాఠాల్లో అయిదు యాంటీబాడీల పేర్లు బట్టీ పట్టించి, దీని అసలు పనితనం చెప్పకుండా వదిలేస్తారు. నాకెప్పుడూ బాధ కలిగించే విషయం అది, ఎందుకంటే ఇంత అందమైన యంత్రాంగం శరీరంలో అరుదు.

చర్మం కింద, పేగుల గోడల్లో, శ్వాసనాళాల్లో మాస్ట్ కణాలుంటాయి. వాటి నిండా హిస్టమిన్ లాంటి రసాయనాలు నింపిన గుళికలు. ఈ కణాన్ని బ్యాంకు లాకర్ అనుకోండి. ఒక్క తాళంచెవితో అది తెరుచుకోదు, రెండూ తిరగాలి. కణం పైపొర మీద పాతుకుని ఉన్న ఐజీఈలే తాళపు రంధ్రాలు. తిండిలోని ప్రొటీను, రెండు మూడు తాళంచెవులున్న గుత్తి. ఒకే గుత్తి పక్కపక్కనున్న రెండు రంధ్రాల్లో ఒకేసారి దూరితే, ఆ రెండు ఐజీఈలూ దగ్గరకు లాగబడతాయి. లోపలికి సంకేతం వెళుతుంది. నిమిషాల్లో గుళికలు తమలోని రసాయనాలను బయటికి కుమ్మరిస్తాయి. రక్తనాళాలు కారడం మొదలై పెదవులు వాస్తాయి, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, పేగులు మెలిపెడతాయి.

ఇప్పుడు చూడండి, ఎన్ని చిక్కుముళ్లు విడతాయో. జీర్ణరసాలు ప్రొటీనును ముక్కలు చేస్తే గుత్తి తెగిపోతుంది. విడి తాళంచెవి రంధ్రంలో దూరినా లాకర్ తెరుచుకోదు. ఆపిల్‌లోని మాల్ డి 1 అనే ప్రొటీను ఇంత సుకుమారమైనది. పచ్చి ఆపిల్ కొరికితే నోరు దురదపెట్టి ఊరుకుంటుంది, కడుపులోకి పోయాక చాలామందిలో ఏమీ కాదు. ఉడికిస్తే నోరూ దురదపెట్టదు. ఆ తాళపు రంధ్రాలు ఆపిల్ కోసం తయారైనవి కూడా కావు. బర్చ్ చెట్టు పుప్పొడిలో అలాంటి ప్రొటీనే ఉంటుంది, రంధ్రాలు దాని కోసం పుట్టినవి. పుప్పొడి అలర్జీ బడి వయసులో, కౌమారంలో బలపడుతుంది కాబట్టి, పండు తింటే నోరు దురద అనే ఫిర్యాదూ ఆ వయసులోనే మొదలవడం మామూలు.

రొయ్యల ట్రోపోమయోసిన్ అలా కాదు, గట్టి పిండం. ఉడికించినా చాలావరకు చెక్కుచెదరదు. ఇంటిదుమ్ములో ఉండే మైట్‌లు అనే కంటికానని పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ దాదాపు అదే ప్రొటీను ఉంటుంది. అంటే దుమ్ము పీల్చి తయారైన తాళపు రంధ్రాల్లో రొయ్య తాళంచెవి దూరగలదు. ఆ అబ్బాయికి ఏళ్ల తరబడి తుమ్ములు, ఉబ్బసం ఉన్నాయా అని నేను మొదట అడిగేది అందుకే. ఉబ్బసం అదుపులో లేకపోతే అలర్జీ ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఎక్కువ.

‘ఒకసారి తింటే ఏమీ కాలేదు, ఇంకోసారి అయింది’ అనేది కూడా ఇక్కడే అర్థమవుతుంది. తిన్నాక పరుగులు పెట్టినా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకున్నా, పేగు గోడ సందుల్లోంచి తెగని గుత్తులు ఎక్కువగా రక్తంలోకి జారుతాయి. గోధుమ తిని ఆడుకుంటేనే కుప్పకూలి, ఊరికే కూర్చుంటే ఏమీ కాని మనుషులున్నారు. జ్వరం, నిద్రలేమి, నెలసరి కూడా కొందరిలో ఇలాగే తోడవుతాయి. కాబట్టి ఏం తిన్నాడన్నదే కాదు, తిన్నాక ఏం చేశాడో కూడా రాసిపెట్టండి. పచ్చిదా ఉడికిందా, ఎంత తిన్నాడు, ఎన్ని నిమిషాలకు మొదలైంది. దద్దుర్లు డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మాయమవుతాయి, ఫొటో తీసి ఉంచండి.

ఐజీఈ అలర్జీ సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది. కొన్ని రకాల పిడుదులు కుట్టినవారికి మాంసం తిన్న మూడు నుంచి ఆరు గంటల తర్వాత వచ్చే అలర్జీ దీనికి మినహాయింపు. పాలు తాగిన కొన్ని గంటలకు కడుపు ఉబ్బరం, విరేచనం మాత్రమే ఉంటే అది బహుశా లాక్టోజ్ అరగకపోవడం. పిల్లవాడు ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతూ, తిండి గొంతులో అడ్డుపడుతోందంటే అన్నవాహిక వాపు కావచ్చు, దానికి పరీక్ష వేరు.

రక్తపరీక్ష గురించి గట్టిగా చెప్పాలి. ఐజీఈ పాజిటివ్ అంటే తాళపు రంధ్రం ఉందని మాత్రమే, లాకర్ తెరుచుకుంటుందని కాదు. అందుకే ఒకేసారి యాభై పదార్థాలకు పరీక్ష చేయించి, పాజిటివ్ వచ్చినవన్నీ ఎదిగే పిల్లవాడికి మాన్పించడం తప్పు. ఐజీజీ అనే మరో యాంటీబాడీకి చేసే పరీక్షలైతే ఆ తిండి తిన్నాడని చెబుతాయంతే. సందేహం మిగిలితే వైద్యుల సమక్షంలో కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఇంట్లో మాత్రం ఆ ప్రయోగం చేయకండి.

పిల్లికూతలు, గొంతు బిగుసుకోవడం, మాట బొంగురుపోవడం, కళ్లు తిరగడం, అనుమానమున్న తిండి తిన్నాక ఆగని వాంతులు: ఇవి అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ గుర్తులు. దద్దుర్లు లేకుండానూ రావచ్చు. అలర్జీ మాత్ర అప్పుడు చాలదు, అది బయటపడ్డ హిస్టమిన్ ఒక్కదాన్నే అడ్డుకుంటుంది. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది, మాస్ట్ కణాలనూ అణుస్తుంది. దాని ఇంజెక్షన్ తొడ బయటివైపు కండరానికి వెంటనే ఇవ్వాలి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, ఊపిరాడకపోతే కూర్చోనివ్వాలి. లేపి నడిపించకూడదు. తగ్గినట్టే తగ్గి గంటల తర్వాత తిరగబెట్టవచ్చు, కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లక తప్పదు.

ఆ తల్లికి నా జవాబు ఇది. అలర్జీ నిపుణుడికి చూపించేదాకా రొయ్యలూ, పీతలూ ఆపండి, రెంటిలోనూ ట్రోపోమయోసినే. చేపల్లో అలర్జీకి ముఖ్య కారణం పార్వాల్బుమిన్ అనే వేరే ప్రొటీను కాబట్టి, వాటితో ఎప్పుడూ ఇబ్బంది రాకపోతే మాన్పించనక్కర్లేదు. ఆహార అలర్జీతో ప్రాణాపాయం ఎక్కువగా కనిపించేది ఈ వయసులోనే, స్నేహితుల ముందు చెప్పుకోలేక దాచేస్తారు. డాక్టరు అడ్రినలిన్ పెన్ను (ఎవరికి వారే పొడుచుకోగల ఇంజెక్షన్) రాసిస్తే అది మీ బీరువాలో కాదు, అబ్బాయి సంచిలో ఉండాలి. దాన్ని వాడటం అతనికీ, అతని పక్కన కూర్చునే స్నేహితుడికీ నేర్పించండి.