ఆకుపచ్చ సిరా తర్వాత

కుల ధ్రువపత్రం జిరాక్సు పట్టుకుని గెజిటెడ్ అధికారి గది ముందు పడిగాపులు పడ్డ తరానికి ఆకుపచ్చ సిరా గుర్తుండే ఉంటుంది. ఆ సంతకం, కింద రబ్బరు ముద్ర ఉంటే పని జరిగిపోయేది. అసలు పత్రం ఇచ్చిన కార్యాలయాన్ని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు, అడిగే దారీ లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నవంబరులో వచ్చిన మీసేవ ఈ పద్ధతిని కదిలించింది. ధ్రువపత్రాలకు డిజిటల్ సంతకం తోడైంది. కాగితం మీది నంబరు కొట్టి, అసలో నకిలీయో చూసుకునే వీలు కలిగింది. అయినా చూసేది మనిషే. 2015 జులై 1న ప్రారంభమైన డిజిలాకర్‌తో, అంటే కేంద్ర ప్రభుత్వం పౌరులకిచ్చిన ఆన్‌లైన్ పత్రాల బీరువాతో, శాఖల సర్వర్లే ఒకదాన్నొకటి పత్రం అడగడం మొదలైంది. అందులో జారీ అయిన పత్రం అసలుతో సమానమని 2017 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించారు. దాంతో అడుగుతున్నది ఎవరో తేల్చుకోవడం చిన్న విషయం కాకుండా పోయింది.

డిజిలాకర్ ఒక శాఖకు పంపే అభ్యర్థనను విప్పి చూస్తే సమయం, లావాదేవీ సంఖ్యల పక్కనే కీహాష్ అనే పొడవాటి అక్షరాల వరుస కనిపిస్తుంది. డిజిలాకర్‌కూ ఆ శాఖకూ మాత్రమే తెలిసిన రహస్య కీని, ఆ సమయాన్ని కలిపి షా-256 అనే, వెనక్కి తిప్పి మూలం కనుక్కోలేని లెక్కలో వేస్తే వచ్చేది అది. కీ బయటపడదు, బాగానే ఉంది. కానీ ఆ లెక్కలోకి పత్రం నంబరు రాదు. లోపలి నంబరు మార్చేసినా కీహాష్ మాత్రం సరిపోతూనే ఉంటుంది. ఈ లోటు తీర్చేది హెచ్‌మాక్. అది అభ్యర్థన మొత్తాన్నీ కీతో కలిపి లెక్కకడుతుంది, ఒక్క అక్షరం మారినా పట్టిస్తుంది.

పౌరుడి అనుమతితో పత్రం తీసుకునే సంస్థలకు పాస్‌వర్డ్ చెప్పకుండానే అనుమతి ఇచ్చే 2012 నాటి ఓఆథ్ 2.0 పద్ధతి ఉంది. అనుమతి కోడ్‌ను మధ్యలో కాజేసినవాడికి అది పనికిరాకుండా చేసే పీకేసీఈ 2015లో ప్రమాణమైంది. ఇంత కట్టుదిట్టం చేసినా గండి వేరేచోట పడవచ్చు. ఒకరి వివరాలతో ఓటీపీ దాటి మరొకరి ఖాతాలో దిగగల లోపం డిజిలాకర్ లాగిన్‌లో ఉన్నట్టు 2020 జూన్‌లో బయటికొచ్చింది. దాన్ని సరిదిద్దారు.

నా దృష్టిలో అసలు చిక్కు ఉమ్మడి కీతోనే. ఒకే రబ్బరు ముద్ర రెండు ఆఫీసుల బీరువాల్లో ఉంటే, వేసింది ఎవరని విచారణలో ఎలా తేలుస్తారు? హెచ్‌మాక్ కూడా దీనికి జవాబివ్వదు. (పత్రం మీద డిజిటల్ సంతకం వేరే ఉంటుంది, ఇక్కడ మాట అడిగినవారి గురించి.) ఎస్తోనియా 2001లోనే, సంస్థల మధ్య సమాచారం మార్చుకునే ఎక్స్-రోడ్ వ్యవస్థలో ప్రతి సంస్థకూ సొంత భద్రతా సర్వరు పెట్టించింది. వెళ్లే ప్రతి సందేశం మీదా ఆ సంస్థ సంతకం, సమయముద్ర పడతాయి. ఓఆథ్‌లోనూ 2020 నుంచి, రహస్య కీకి బదులు సొంత సర్టిఫికెట్‌తో సర్వర్లు పరస్పరం గుర్తుపట్టే ప్రమాణం అందుబాటులో ఉంది. అందులో ప్రైవేటు కీ, అంటే ఆ సంస్థ ఒక్కదాని దగ్గరే ఉండే కీ, ఆఫీసు గడప దాటనక్కర్లేదు.