చిన్నూకు, కావ్యకు: దీవిలో రోజు ఎలా గడుస్తుందంటే

హనుమకొండ

చిన్నూకు, కావ్యకు, ఈ ఉత్తరం పంచుకుని చదివే మీ దోస్తులకు,

సముద్ర జీవుల సంరక్షణ ఇంటర్న్‌షిప్ అంటే అసలేం చేస్తారు పెద్దమ్మా అని అడిగారు. ఫోన్లో చెప్పబోతే చిన్నూకు ట్యూషన్ టైం అయిపోయింది. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదవండి. మీరు పంపిన రీల్ చూశాను. నీలం నీళ్లలో ఒక అమ్మాయి తాబేలు పక్కన ఈదుతోంది, వెనక ఏదో పాట. అది అబద్ధమని అనను. కానీ ఆ కాసేపటికి ముందూ వెనకా ఏముంటుందో అందులో లేదు. నేను జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాక లిటిల్ అండమాన్‌లో తాబేళ్ల క్యాంపులో ఉండి వచ్చిన సంగతి మీకు తెలుసు. అక్కడ ఉన్నవాళ్లంతా మీకన్నా నాలుగైదేళ్లు పెద్ద పిల్లలు, ఇంటర్న్‌లు. నేనొక్కదాన్నే వయసు మళ్లిన వాలంటీర్‌ని. పని మాత్రం అందరికీ ఒకటే.

ముందు దారి చెబుతాను. వరంగల్‌లో చెన్నై రైలెక్కాలి. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానమైతే రెండు గంటల పైచిలుకు, ఓడైతే మూడు రోజుల దాకా పడుతుంది. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కానీ అందరి నోటా ఇంకా పాత పేరే. అక్కడి చేపల మార్కెట్లో శ్రీకాకుళం యాసలో బేరాలు వినబడి ఆశ్చర్యపోయాను, ఎప్పుడో వలస వెళ్లిన తెలుగు మత్స్యకారులు బోలెడంత మంది ఉన్నారు. మళ్లీ ఓడ, హట్ బే అనే రేవు, ఆపైన సముద్రం ఒప్పుకుంటేనే కదిలే చిన్న పడవ. క్యాంపు దగ్గర దిగాక ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. మీ అమ్మకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

అక్కడ పొద్దు కూడా మన లెక్కన నడవదు. సంక్రాంతి రోజుల్లో మనకు ఆరున్నర దాటితే గానీ సూర్యుడు రాడు. అక్కడ ఐదూ ముప్పావుకల్లా తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదుంబావు అయ్యేసరికి చీకటి. మనకన్నా అంత తూర్పున ఉండి కూడా గడియారం మాత్రం మనదే వాడతారు కాబట్టి అలా. క్యాంపు పని రాత్రిది కాబట్టి, చీకటి పడే వేళకు వంట అయిపోవాలి.

వంట, నీళ్లు, కట్టెలు. రోజులో సగం వీటికే పోతుంది, ముందే చెబుతున్నా. చుట్టూ సముద్రం ఉన్నా తాగే నీళ్లు వాగు నుంచి మోసుకురావాలి, మరగబెట్టుకోవాలి. ఫ్రిజ్ లేదు. పడవలో వచ్చిన కూరగాయల్లో టమాటాలు ముందు పోతాయి, తర్వాత బెండకాయలు. ఆఖరికి మిగిలేవి ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, గుమ్మడికాయ. తర్వాత పప్పూ అన్నం, అన్నం పప్పూ. నేను తీసుకెళ్లిన మామిడికాయ తొక్కు సీసాకు క్యాంపులో ఎంత గౌరవం దక్కిందో చెబితే నమ్మరు. పుణె నుంచి వచ్చిన ఒక పిల్లాడికి సకినాలు ఎంత నచ్చాయంటే వాడి వంతు గిన్నెలు తోమి మరీ అడిగి తీసుకున్నాడు. కరెంటు సోలార్ పలక మీద వచ్చినంతే. దాంతో ముందు టార్చీలు, జీపీఎస్ చార్జ్ చేయాలి, మన ఫోన్లు ఆ తర్వాత. కంటికి కనబడనంత సన్నటి ఇసుక పురుగులు ఉంటాయి, కుడితే వారం దాకా దురద తగ్గదు. గోకితే పుండవుతుంది. వేసవిలో ఉక్కపోసినా ఫుల్ చేతుల చొక్కా తీయకూడదు.

ఇక అసలు పని. అక్కడికి గుడ్లు పెట్టడానికి వచ్చేది లెదర్‌బ్యాక్ తాబేలు, భూమ్మీద ఉన్న తాబేళ్లలో అన్నింటికన్నా పెద్దది. నాలుగైదు క్వింటాళ్ల బరువున్నవి కూడా ఉంటాయి. దాని వీపు మీద గట్టి డిప్ప ఉండదు, నల్లటి తోలు, దాని మీద నిలువుగా గీతల్లా ఎత్తులు. తినేది ఎక్కువగా జెల్లీ చేపలు. నవంబర్ నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఒడ్డుకు వస్తుంది. ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని తెల్లారేదాకా ఇసుక మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. వెన్నెల ఉంటే సరే, లేకపోతే అలల నురుగు ఒక్కటే కనబడుతుంది. వాగు సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. అక్కడ ఎప్పుడు దాటాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది కరెన్ తెగకు చెందిన పడవవాళ్లు. వాళ్ల తాతలు 1925 ప్రాంతంలో బర్మా నుంచి వచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపడ్డారు. ఎమ్మెస్సీ చదివిన పిల్లలు ఎదురు మాట్లాడకుండా వాళ్ల మాట వినడం చూసి నాకు ముచ్చటేసింది. ఇంటర్న్ కొన్ని నెలలకు సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతాడు. ఏటేటా ఆ క్యాంపును నిలబెట్టేది ఈ పడవవాళ్లే, వాళ్ల పేర్లు మాత్రం రీల్స్‌లో రావు.

తాబేలు ఒడ్డెక్కేటప్పుడు దాని జోలికి పోకూడదు. వెలుతురు పడినా, అలికిడైనా గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. ఎర్ర వెలుగు టార్చి వాడతారు, అదీ అవసరమైనప్పుడే. ఒకచోట కూర్చుని అది గొయ్యి తవ్వడం అయ్యేదాకా ఆగాలి. తవ్వేది వెనక తెడ్డు కాళ్లతో, వెనక్కి తిరిగి చూడకుండానే. ఒక కాలు గొయ్యిలోకి దిగి, అంచు మడిచి, దోసెడు ఇసుక పైకి తెచ్చి పక్కన పెడుతుంది. వెంటనే రెండో కాలు అంచున ఉన్న ఇసుకను అవతలికి విసిరి తాను లోపలికి దిగుతుంది. ఇలా వంతులు మార్చుకుంటూ ముప్పావు మీటరు లోతు దాకా పోతుంది. ఒక్కోసారి కాలు అందక ఆగి, పెద్దగా ఊపిరి వదిలి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ఊపిరి చప్పుడు మొదటిసారి విన్నప్పుడు నా పక్కనున్న అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుంది. కళ్ల నుంచి జిగటగా నీళ్లు కారతాయి. ఏడుపు కాదు అది, ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే గ్రంథులు అక్కడున్నాయి.

గుడ్లు రాలడం మొదలయ్యాక అది దేన్నీ పట్టించుకోదు. ఆ కాసేపట్లోనే మన పనంతా అయిపోవాలి. ఒకరు టేపుతో వీపు పొడవు, వెడల్పు కొలుస్తారు. ఒకరు గుడ్లు లెక్కపెడతారు. భుజం దగ్గర స్కానర్ పెడితే, లోపల బియ్యపు గింజంత చిప్ ఉంటే నంబరు వస్తుంది. ఇంతకు ముందు ఇక్కడికి వచ్చిన తాబేలే అన్నమాట. లేకపోతే కొత్త చిప్ పెట్టడం శిక్షణ పొందినవాళ్ల పని, ఇంటర్న్‌లది కాదు. అటవీ శాఖ అనుమతి లేకుండా తాబేళ్లను ముట్టుకోవడమే నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద. కొలిచినవాళ్లు అంకె చెబితే రాసేవాళ్లు దాన్ని పైకి చదివి వినిపించాలి, ఆ తర్వాతే కాగితం మీద పెట్టాలి. నిద్రమత్తులో 6 కాస్తా 9 అయిపోతుంది మరి. తెల్లవారుజామున ఇంకోసారి నడిచి, రాత్రి చూడని జాడలుంటే రాసుకుని, ప్రతి జాడకూ అడ్డంగా కర్రతో గీత గీస్తారు. మర్నాడు దాన్నే మళ్లీ లెక్కపెట్టకుండా.

చాలా రాత్రులు ఏమీ రాదు. నడిచి నడిచి కాళ్లు పీకుతాయి, వాన కొడుతుంది, తిరిగొచ్చి పుస్తకం తెరిచి సున్నా రాయాలి. పిల్లలకు ఇదే కష్టమనిపిస్తుంది. ఏమీ జరగలేదు కదా, రాయడమెందుకు అంటారు. ఖాళీగా వదిలేస్తే పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తీసినవాళ్లకు ఏం తెలుస్తుంది? తాబేలు రాలేదా, మీరే పడుకున్నారా? 2004 డిసెంబర్ 26 సునామీ ఆ దీవిలో గుడ్లు పెట్టే ఇసుక తీరాలను చాలావరకు ఊడ్చేసింది. తర్వాత ఇసుక మెల్లగా మళ్లీ చేరింది, తాబేళ్లూ వచ్చాయి. లిటిల్ అండమాన్‌లో 2008 నుంచి ఏటా రాసుకుంటూ వస్తున్నారు కాబట్టే వచ్చాయని గట్టిగా చెప్పగలుగుతున్నాం. వీపు మీద శాటిలైట్ ట్యాగ్ పెట్టిన తాబేళ్లలో కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు, కొన్ని ఆఫ్రికా వైపు వేల కిలోమీటర్లు ఈదుకుంటూ పోయాయి. అంటే ఒక్క తీరాన్ని కాపాడితే సరిపోదు, కానీ ఈ తీరం దగ్గర లెక్క తప్పితే మిగతాదీ అర్థం కాదు.

ఇంకో సంగతి, కావ్య క్లాసులో చెప్పుకోవచ్చు. తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగవి. అందుకే గూటి లోతులో వేడిని రాసుకునే చిన్న పరికరం పాతిపెడతారు. దాదాపు 2 నెలలకు పిల్లలు బయటికొస్తాయి. ఈలోపు కుక్కలు, ఉడుములు తవ్వకుండా చూడాలి. మనుషుల వెంట దీవికి వచ్చి అడవి పాలైన కుక్కలతో బాధ ఎక్కువ, ఉడుములైతే ఎప్పటినుంచో ఉన్నవే.

పగడపు దిబ్బల దగ్గర ఇంటర్న్‌షిప్ అయితే పని పగటిది. నీటి అడుగున టేపు పరిచి, దాని కింద ఏముందో పలక మీద పెన్సిల్‌తో రాయడం. పెన్సిల్ నీళ్లలో కూడా రాస్తుంది. నీటి కింద చేసే సైగల్లో బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, పైకి పోదామని. డైవింగ్ నేర్చుకునే పిల్లలు మొదట్లో సంతోషం పట్టలేక బొటనవేలు చూపించి, వెంటనే పైకి లాక్కెళితే తెల్లముఖం వేస్తుంటారు.

వెళ్లే ముందు ఆ సంస్థ గురించి వాకబు చేయండి. రాసుకున్న లెక్కలు ఎవరికి పోతాయి, అనుమతులు ఎవరిచ్చారు, జబ్బు చేస్తే ఒడ్డుకు ఎలా చేరుస్తారు అని అడగండి. డబ్బు కట్టించుకుని, తాబేలు పిల్లను చేతిలో పెట్టి సెల్ఫీ తీయించే చోట్లు కూడా ఉన్నాయి. వాటి జోలికి వద్దు. ఆ పిల్లలు తమంతట తాము ఇసుక మీద పాక్కుంటూ నీళ్లలోకి పోవాలి.

మనకు సముద్రం దూరమని చిన్నూ అన్నాడు. ఎంత దూరం? పాకాల మత్తడి దూకిన నీళ్లు మున్నేరులో పడి, కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర సముద్రం చేరతాయి. ఆ తీరంలో కూడా ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇంటర్ అవ్వగానే అండమాన్ పోనక్కర్లేదు, ముందు అక్కడికి తీసుకెళతాను.

ఈలోపు ఈత నేర్చుకోండి, కోచ్ ఉన్న పూల్‌లోనే, చెరువులో కాదు. అన్నం, పప్పు వండటం రావాలి, అదీ కట్టెల పొయ్యి మీద. హిందీ మాట్లాడే అలవాటు చేసుకోండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది, 1987 నుంచి ఏటా జరుగుతోంది. నేను వడ్డేపల్లి చెరువు దగ్గర లెక్కపెడతాను. ఆరింటికల్లా కట్ట మీద ఉండండి. బైనాక్యులర్ ఒకటే ఉంది, వంతులు వేసుకుందాం. నోట్‌బుక్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. చిన్నూ, చెప్పులేసుకుని రాకు బిడ్డా, కట్ట మీద తుమ్మ ముళ్లుంటాయి. మీ నాన్నతో నేను మాట్లాడతానులే.

మీ పెద్దమ్మ