ఎవరూ తాకకుండానే కదిలే ఆకు

అత్తిపత్తి తాకితే ముడుచుకుంటుందని చిన్నపిల్లలకీ తెలుసు. చిక్కుడు కుటుంబంలోనే దాని చుట్టం ఒకటుంది, దాన్ని ఎవరూ తాకనక్కర్లేదు. గాలి కదలకపోయినా దాని ఆకులు వాటంతటవే ఊగుతాయి. పేరు కోడారియోకేలిక్స్ మోటోరియస్. పాత పుస్తకాల్లో డెస్మోడియం గైరాన్స్. భారతదేశంతో సహా దక్షిణ, ఆగ్నేయాసియాల్లో పెరిగే పొద ఇది. పూలు చిన్నవి, చిక్కుడు పూలను పోలినవి. వాటి కోసం దీన్ని వెతికేవాళ్లు తక్కువే.

చూడాల్సింది ఆకుని. ఒక్కో ఆకుకి మూడు రెక్కలు: కొసన పొడవాటిది ఒకటి, దాని మొదట్లో అటూ ఇటూ గోరంతవి రెండు. ఆ చిన్నవాటిలో ఒకదాని మీదే చూపు నిలిపి కూర్చోవాలి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. ఉన్నట్టుండి కొస అదురుతుంది, ఆగుతుంది, మళ్లీ ఒక కుదుపు. మెల్లగా పైకి లేస్తుంది, కాస్త వేగంగా దిగుతుంది. అలా గాలిలో కోడిగుడ్డు ఆకారంలో గీత గీస్తూ, వెచ్చటి వేళ మూడు నాలుగు నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. చలేస్తే మందగిస్తుంది. పూర్వం తంతి లేని రోజుల్లో స్తంభాల మీద చేతుల్లాంటి కర్రలు ఆడించి కబుర్లు పంపేవారు. దీన్ని చూస్తే అదే గుర్తొచ్చి టెలిగ్రాఫ్ మొక్క అన్నారు.

కండరాలు లేని మొక్కకు ఈ ఊపు ఎక్కడిది? రెక్క మొదట్లో పల్వినస్ అనే చిన్న ఉబ్బు ఉంటుంది. అందులో ఒక పక్క కణాల్లోకి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు చేరితే, వాటి వెంట నీరూ చేరి ఆ పక్క బిగుస్తుంది. అవి బయటికి పోతే నీరూ పోయి వదులవుతుంది. ఒక పక్క బిగిసి ఎదుటి పక్క వదులైతే రెక్క వంగక తప్పదు. రాత్రి పెద్ద రెక్క కిందికి వాలడమూ ఇలాంటి పనే.

1880లో డార్విన్, మొక్కల కదలికలపై కొడుకు ఫ్రాన్సిస్ సాయంతో రాసిన పుస్తకంలో, ఈ చిన్న రెక్కల ఊపు మొక్కకు పనికొస్తుందని ఎవరూ అనుకోరని తేల్చేశాడు. జగదీశ్ చంద్రబోస్ మాత్రం కలకత్తాలో దీన్ని వదల్లేదు. రెక్క ఊపుని పరికరాలతో గీతలుగా రాయించి, జంతువుల గుండె లయతో పోల్చాడు. మత్తుమందైన ఈథర్ ఆవిరి తగిలితే లయ ఆగింది. ఆవిరి పోగానే మళ్లీ మొదలైంది!

ఇంతకీ ఎందుకు ఊగుతుంది? గుడ్లు పెట్టవచ్చిన సీతాకోకచిలుక, ఇక్కడ ఇంకొకటి ముందే వాలిందని భ్రమపడి తప్పుకుంటుందని ఒక ఊహ. ఎండ ఎటు ఎక్కువుందో చిన్న రెక్కలు పసిగడితే పెద్ద రెక్క అటు తిరుగుతుందని ఇంకొకటి. నాకు రెండోదే సబబనిపిస్తుంది. అంత పెద్ద రెక్కను అటూ ఇటూ తిప్పి చూడటం కంటే, గోరంత రెక్కను తిప్పి చూడటం మొక్కకు తేలిక కదా.