ఫోన్ వల్లే మార్కులు తగ్గాయా? అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో ఉన్నత పాఠశాల విద్యార్థులకు కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మారతహళ్లి, కుందలహళ్లి వైపు నుంచి వచ్చే తెలుగు తల్లిదండ్రులు, యూనిట్ టెస్టు మార్కులు చేతికందగానే ముందుగా అడిగేది ఫోన్ గురించే. ఫోన్ చదువుకు చేటు చేస్తుందన్న మాట నిజమే. అయితే ఆ చేటు ఏ దారిన వస్తుందో గమనించకుండా ఫోన్ లాక్కున్న ఇళ్లలో గొడవలు పెరగడమే గాని మార్కులు పెరగడం నేను అరుదుగా చూశాను.

అపోహ: ఫోన్ ఎంత ఎక్కువ చూస్తే మార్కులు అంత తగ్గుతాయి.

వాస్తవం: లెక్క అంత సూటిగా లేదు. వివిధ దేశాల 15 ఏళ్ల విద్యార్థుల చదువును పోల్చే పీసా (PISA) పరీక్షల్లో, 2022లో (మన దేశం వాటిలో పాల్గొనలేదు), బడిలో రోజుకు గంట వరకు డిజిటల్ పరికరాలతో నేర్చుకున్న 15 ఏళ్ల విద్యార్థులకు, అసలు వాడనివారికంటే గణితంలో సగటున 14 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. తోటివారి పరికరాల వల్ల క్లాసులో ధ్యాస చెదిరిందన్నవారికి 15 పాయింట్లు తక్కువ వచ్చాయి. పైగా పాఠం అర్థం కాక, ఆ దిగులుతో ఫోన్‌లో తలదూర్చే పిల్లలు కూడా ఉంటారు. వారి విషయంలో మార్కులు తగ్గడమే ముందు, ఫోన్ తర్వాత.

అపోహ: సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకుంటే ఇబ్బంది లేదు.

వాస్తవం: 2017లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఫోన్‌ను బల్లపై పెట్టుకున్న కళాశాల విద్యార్థులకంటే వేరే గదిలో వదిలివచ్చినవారు జ్ఞాపకశక్తి పరీక్షలో మెరుగ్గా రాణించారని చూపారు. తర్వాతి ప్రయోగాలన్నీ దీన్ని బలపరచలేదు. అయినా నాకు రోజూ ఎదురయ్యే చిక్కు ఇంతకంటే సామాన్యమైనది: హోంవర్క్ క్లాసు వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది, దాన్ని చూడటానికి ఫోన్ తీసిన పిల్లవాడు రీల్స్‌లోకి జారి అరగంట తర్వాత పుస్తకం ముందుకు వస్తాడు. అందుకే తల్లిగాని తండ్రిగాని సాయంత్రం ఒక్కసారి గ్రూపు తెరిచి, హోంవర్క్‌ను కాగితం మీద రాసివ్వమని, ఫోన్‌ను హాల్లోనే ఉంచమని నేను కోరుతుంటాను.

అపోహ: నైట్ మోడ్ పెడితే రాత్రిపూట చూసినా నిద్ర చెడదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోందని నా అభిప్రాయం. తెర వెలుతురు ఒక కారణం మాత్రమే. ఆట మధ్యలో ఆపలేకపోవడం, స్నేహితుల మెసేజీలకు వెంటనే జవాబివ్వాలన్న ఆరాటం నిద్రవేళను వెనక్కి నెడతాయి. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారకముందే లేచి స్కూలు బస్సు ఎక్కవలసిన ఈ ఊరి పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకొంటే అందులో సగం కాస్త దాటి దక్కుతుంది. చదివినది మనసులో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే కాబట్టి, మార్కులు తగ్గాయని వచ్చినవారిని నేను మొదట అడిగేది పిల్లలు ఎన్నింటికి పడుకుంటున్నారనే.

అపోహ: ఎక్కువ చూసే ప్రతి పిల్లవాడూ వ్యసనపరుడే.

వాస్తవం: ఆ మాట పిల్లల ముఖాన అనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం గేమింగ్ రుగ్మతగా గుర్తించాలంటే, ఆటపై అదుపు తప్పి చదువు, ఇల్లు, స్నేహాలు తీవ్రంగా దెబ్బతినడం సాధారణంగా 12 నెలల పాటు కనిపించాలి. తిండి, నిద్ర, బడి మానేసే స్థితి వస్తే మాత్రం అన్ని నెలలు ఆగకుండా బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో, ఫోన్, ఆటల అతివాడకానికి చికిత్స ఇస్తూ 2014 నుంచి నడుస్తున్న షట్ (SHUT) క్లినిక్‌కు తీసుకువెళ్లండి.