సోనాగాఛీని ఖాళీ చేయిస్తే కలకత్తా బాగుపడేదా? అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఐవీ నివారణ పనిలో ఉన్నవాళ్ళం ఎక్కడ మాట్లాడినా చివర్లో ఒకరు లేచి, కలకత్తాలో సెక్స్ వర్కర్లు ఉండే పెద్ద వాడ సోనాగాఛీ గురించి, "ఆ ఏరియా మొత్తం ఖాళీ చేయిస్తే సరిపోతుంది కదండీ!" అంటారు. పిల్లలున్న ఇంటివారి భయం నాకు అర్థమవుతుంది. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని వాట్సాప్‌లో పుకార్లు తిప్పేవారితోనే నాకు విసుగు.

అపోహ: తరిమేస్తే జబ్బులు పోతాయి.

వాస్తవం: కలకత్తాలో ఈ ముచ్చట ఎప్పుడో తీరింది. సైనికులకు సుఖవ్యాధులు అంటుకుంటున్నాయని బ్రిటిష్ ప్రభుత్వం 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఈ వృత్తిలో ఉన్న స్త్రీ పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, వైద్యపరీక్షకు వెళ్ళాలి, జబ్బుంటే లాక్ హాస్పిటల్‌లో, అంటే సుఖవ్యాధులున్న స్త్రీలను ఉంచే ఆసుపత్రిలో, పడి ఉండాలి. ఆమె దగ్గరికి వచ్చే మగవాడికి మాత్రం ఏ పరీక్షా లేదు. ఆడవాళ్ళు పేర్లు దాచారు, నగరం పొలిమేర దాటి పారిపోయారు. 1888లో ఆ చట్టాన్నే ఎత్తేశారు.

1992లో డాక్టర్ స్మరజిత్ జానా బృందం దీనికి సరిగ్గా తిరగేసి చేసింది. సోనాగాఛీ స్త్రీలనే పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తోటివారికి నచ్చజెప్పేవారిగా, తయారుచేసింది. అప్పటికి కండోమ్ వాడకం మూడు శాతం కూడా లేదు. ఆ దశాబ్దం ముగిసేసరికి 80 శాతం దాటింది. బొంబాయిలో సుమారు సగం మంది సెక్స్ వర్కర్లకు హెచ్‌ఐవీ సోకిన రోజుల్లో ఇక్కడ అది ఐదారు శాతం దగ్గర ఆగింది. వీధే లేకపోతే ఈ పని ఎవరితో చేయించేవారు?

మనకు దగ్గరి సంగతీ ఒకటుంది. గోవాలోని బైనా బీచ్‌లో ఆంధ్ర, కర్ణాటకల నుంచి వెళ్ళినవారు చాలామంది ఉండేవారు. 2004 జూన్‌లో, వానాకాలంలో, అక్కడి ఇళ్ళు కూల్చేశారు. అలా చెదిరిపోయిన ఒకామె కొన్నాళ్ళకు మా క్లినిక్‌కు వచ్చి, పాలిథిన్ కవరులో మడిచి దాచుకున్న కార్డు చేతిలో పెట్టింది. సిఫిలిస్‌కు వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజెక్షన్లు రాసి ఉన్నాయి. రెండు గళ్ళలో తేదీలు, మూడోది ఖాళీ. మధ్యలో లాడ్జీల్లో బతికానని చెప్పింది. "బైనాలో పక్క గదిలో మనవాళ్ళుండేవారండీ, గట్టిగా అడిగేదాన్ని. లాడ్జీలో ఒక్కదాన్నే, కండోమ్ వాడమని ఎవరికి చెప్పను?" అంది. మూడు ఇంజెక్షన్లూ మళ్ళీ మొదటి నుంచి వేయాల్సి వచ్చింది.

అపోహ: వీళ్ళు నగరానికి ఇచ్చిందేమీ లేదు.

వాస్తవం: 1873లో బెంగాల్ థియేటర్ ఆడవేషాలకు ఆడవాళ్ళనే తీసుకుందామనుకున్నప్పుడు, వచ్చింది ఈ వీధుల నుంచే. గౌరవ కుటుంబాల స్త్రీలు గడప దాటని రోజులవి. అలా వచ్చిన నటి బినోదిని దాసి కోసమే ఒక ధనికుడు నాటకశాల కట్టించాడు. ఆమె పేరు పెడతామని మాటిచ్చినవారు 1883లో దానికి స్టార్ అని పేరు పెట్టారు. ఇప్పుడున్న స్టార్ థియేటర్‌కు ఆమె పేరు దక్కింది 2024 చివర్లో.

అపోహ: దుర్గ విగ్రహానికి వీళ్ళ గుమ్మం మట్టి కావాలి కాబట్టి బెంగాల్‌లో వీళ్ళకు గౌరవానికి లోటు లేదు.

వాస్తవం: మట్టికి ఉంది. మనుషుల సంగతి వేరు. 2013లో సోనాగాఛీ స్త్రీలు తమ వీధిలో తామే దుర్గాపూజ చేసుకోవడానికి హైకోర్టుకెళ్ళి అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది.

అపోహ: సంపాదన నిలుపుకోవడం వీళ్ళకు రాదు.

వాస్తవం: బ్యాంకులు గుమ్మం ఎక్కనివ్వకపోతే 1995లో ఉషా సహకార సంఘం పెట్టుకున్నారు. సభ్యులకు సచ్ఛీలత ఉండాలని నిబంధన అడ్డొచ్చింది. గృహిణులమని రాసేస్తే పనైపోతుందని అధికారులే సలహా ఇచ్చారు. వీళ్ళు ఒప్పుకోలేదు, సెక్స్ వర్కర్లుగానే రిజిస్టర్ చేయించుకున్నారు.

ఇక ఆ వీధిలో నడిచినా, అక్కడ టీ తాగినా హెచ్‌ఐవీ రాదు. ఇది ఇంకా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. నిజంగానే అనుమానం ఉంటే ఇంటర్నెట్‌లో వెతికి నిద్ర పాడుచేసుకోకండి. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో) పరీక్ష ఉచితం, ఫలితం గోప్యంగా ఉంచుతారు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయండి.