బింగమ్‌టన్‌లో మొదలైన తగువు: ‘జనరేషన్ కె’ పేరు మళ్లీ ఎందుకు వినిపిస్తోంది?

న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టుకు మంచి కుర్ర పిచర్లు (బంతి వేసేవాళ్లు) దొరికిన ప్రతిసారీ ఒక పాత పేరు బయటికొస్తుంది. 2025లో ఆగస్టు 16న నోలన్ మెక్లేన్, 29న జోనా టాంగ్, సెప్టెంబర్ 7న బ్రాండన్ స్ప్రోట్ అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై మెట్టయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టారు. దాదాపు మూడు వారాల్లో ముగ్గురు. వారిలో మెక్లేన్ మిగిలిన సీజన్‌లో 48 ఇన్నింగ్స్ వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు 2.06 చొప్పునే పరుగులిచ్చాడు. అభిమానులకు వెంటనే గుర్తొచ్చిన మాట ‘జనరేషన్ కె’. ఆ మాటతో పాటే ముప్పై ఏళ్ల నాటి తగువూ లేచింది. కుర్రాళ్ల చేతులను లెక్కపెట్టి వాడుకోవాలని ఒక వర్గం అంటోంది. ఈ లెక్కల వల్లే పిచర్లు సుకుమారంగా తయారయ్యారని, వేసేకొద్దీ చెయ్యి గట్టిపడుతుందని రెండో వర్గం వాదన.

మెట్స్ ఎప్పుడు పుట్టింది, 1986లో ఎలా గెలిచింది అన్నవి ఈ తగువుకు అక్కర్లేదు. 1993లో ఆ జట్టు 103 మ్యాచ్‌లు ఓడిపోయింది. మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిన పరిస్థితి. పునాదికి దొరికిన రాళ్లు మూడు: బిల్ పల్సిఫర్, జేసన్ ఇస్రింగ్‌హాసెన్, పాల్ విల్సన్. బ్యాటర్ మూడు స్ట్రైక్‌లతో ఔటైతే అది స్ట్రైకౌట్, స్కోరు పుస్తకంలో దానికి గుర్తు ‘కె’ అక్షరం. ఎనభైల్లో డ్వైట్ గుడెన్ బంతులేస్తుంటే షే స్టేడియంలో అభిమానులు ఒక్కో స్ట్రైకౌట్‌కు ఒక్కో ‘కె’ అట్ట వేలాడదీసేవారు. ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగానే ఈ ముగ్గురూ వచ్చారు కాబట్టి ‘జనరేషన్ కె’ పేరు ఇట్టే అతుక్కుపోయింది. ముగ్గురిలో విల్సన్ 1994 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, దేశం మొత్తం మీద మొదటి ఎంపిక. ఇస్రింగ్‌హాసెన్ అందుకు పూర్తిగా భిన్నం, 1991లో 44వ రౌండ్ దాకా అతన్ని ఎవరూ పిలవలేదు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా 1996 నుంచి మొదలుపెడతారు, ఆ ఏడాది గాయాలు బయటపడ్డాయి కాబట్టి. నా దృష్టిలో అసలు మలుపు అంతకు రెండేళ్ల ముందుంది. 1994 సెప్టెంబర్, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ అనే చిన్న ఊరు.

మెట్స్‌కు అక్కడ డబుల్-ఎ స్థాయి జట్టు ఉంది, అంటే మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద ఆడే మైనర్ లీగ్ జట్టు. ఆ వేసవిలో పల్సిఫర్ అక్కడే ఆడాడు. వయసు 20, ఎడమచేతి వాటం. రెగ్యులర్ సీజన్‌లోనే 201 ఇన్నింగ్స్ వేశాడు. క్రికెట్ అలవాటున్న మనకు ఈ అంకె వెంటనే బోధపడదు. బేస్‌బాల్‌లో ముగ్గురు ఔటైతే ఒక ఇన్నింగ్స్ అయిపోతుంది. ఒక్కోదానికి 15 బంతులు చొప్పున వేసుకున్నా 201 ఇన్నింగ్స్‌కు 3,000 బంతులు దాటతాయి, అంటే మన లెక్కలో 500 ఓవర్లు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మొదటి వారాల్లోపే ఇదంతా, అదీ ఇరవై నిండి ఇంకా ఏడాది కూడా కాని కుర్రాడి చేత్తో. పైగా ఇవి మెల్లగా వేసే బంతులు కావు. చెయ్యి వెనక్కి వెళ్లి ముందుకు విసురుగా తిరిగే క్షణంలో, మోచేతి లోపలివైపు చిటికెన వేలంత కూడా లేని ఒక లిగమెంట్ ఆ లాగుడంతా భరించాలి.

రెగ్యులర్ సీజన్ ముగిశాక ప్లేఆఫ్స్ వచ్చాయి, అప్పుడూ పల్సిఫర్‌నే దింపారు. అతను ఏకంగా నో-హిట్టర్ వేశాడు, అంటే మ్యాచ్ మొత్తంలో బంతిని కొట్టి బేస్ చేరే హిట్ ప్రత్యర్థికి ఒక్కటి కూడా దక్కలేదు. బింగమ్‌టన్ ఈస్టర్న్ లీగ్ గెలిచింది, ఊరంతా పండగ చేసుకుంది. అప్పటికే మేజర్ లీగ్ ఆటగాళ్లు ఆగస్టు 12 నుంచి సమ్మెలో ఉన్నారు, సెప్టెంబర్ 14న వరల్డ్ సిరీస్ కూడా రద్దయింది. పెద్ద మైదానాలకు తాళాలు పడ్డ ఆ రోజుల్లో మెట్స్ అభిమానులకు మిగిలిన ఏకైక శుభవార్త ఈ కుర్రాడు. ఆ మ్యాచ్‌ను అందరూ భవిష్యత్తుకు భరోసాగా చూశారు. 200 ఇన్నింగ్స్ దాటిన చేతిని ఇంకా ఎందుకు వాడుతున్నారన్న ప్రశ్న ఆ సంబరంలో వినిపించలేదు. నిజానికి ఆ నో-హిట్టరే ఒక హెచ్చరిక.

ఇక్కడ కాసేపు 2025లోకి రావాలి. ఎందుకంటే ఊరు అదే, క్లబ్బూ అదే. మే నెలలో బింగమ్‌టన్ తరఫున జోనా టాంగ్ ఏడు ఇన్నింగ్స్ మ్యాచ్ ఆడుతున్నాడు. 20 మందిని వరసగా వెనక్కి పంపాడు, అందులో 13 స్ట్రైకౌట్లు. ఒక్కరు కూడా బేస్ చేరలేదు. ఇంకొక్క ఔట్ తీస్తే ‘పర్ఫెక్ట్ గేమ్’ పూర్తిగా అతని సొంతమయ్యేది. సరిగ్గా అప్పుడే టాంగ్‌ను బంతి వేసే మౌండ్ మీద నుంచి దింపేశారు, ఆ చివరి ఔట్ మరో పిచర్ తీశాడు. అభిమానుల్లో చాలామందికి ప్రాణం ఉసూరుమంది. ఒక కుర్రాడికి జీవితంలో మళ్లీ వస్తుందో రాదో తెలియని అవకాశం అది. నాకూ బాధే అనిపించింది. కానీ ఆ ఏడాది మైనర్ లీగ్‌లో టాంగ్ వేసినవి 113 ఇన్నింగ్స్ పైచిలుకు, తర్వాత మెట్స్‌కు వేసినవి కలిపినా 135 దాటలేదు. అప్పటికి అతని వయసు 22. అంతకంటే రెండేళ్లు తక్కువ వయసులోనే పల్సిఫర్ 201 వేశాక కూడా ఆగలేదు. నేటి తగువంతా ఈ రెండు దృశ్యాల మధ్యే నడుస్తోంది.

1994 నుంచి ఎవరైనా పాఠం నేర్చుకున్నారా అంటే, 1995 అంకెలు చూడండి. పల్సిఫర్ మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందుండే ట్రిపుల్-ఎ జట్టు నార్ఫోక్‌కు కొంత, జూన్ నుంచి మెట్స్‌కు కొంత వేశాడు, రెండూ కలిపితే మళ్లీ 200 దాటింది. సీజన్ చివర మోచెయ్యి నొప్పితో ఆగిపోయాడు. ఇస్రింగ్‌హాసెన్ జులైలో పైకి వచ్చి, పిచర్ ఖాతాలో రాసే గెలుపోటముల లెక్కలో 9 మ్యాచ్‌లు గెలిచి 2 మాత్రమే ఓడాడు, అందరూ నెత్తిన పెట్టుకున్నారు. అతనూ ఆ ఏడాది మైనర్లతో కలిపి 220కి పైగా ఇన్నింగ్స్ వేశాడు. విల్సన్ మైనర్లలోనే 186 ఇన్నింగ్స్ దాకా వేశాడు. జట్టు ఓడుతోంది, టికెట్లు అమ్ముడుపోవాలి, అభిమానులకు ఆశ చూపించాలి. తిరిగి కట్టుకుంటున్న జట్టులో కుర్ర పిచర్ మీద పడే బరువు ఇదే. బంతుల లెక్కలో కనిపించదు గానీ చెయ్యి మాత్రం దాన్నీ మోస్తుంది.

1996 వసంతంలో పల్సిఫర్ మోచేతి లిగమెంట్ తెగింది. టామీ జాన్ సర్జరీ జరిగింది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసిన ఆపరేషన్ అది. శరీరంలో మరోచోటి నుంచి టెండన్ తీసి మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో అమరుస్తారు. మళ్లీ బంతి వేయాలంటే ఏడాదికి పైనే పడుతుంది. విల్సన్ 5 గెలిచి 12 ఓడాడు, సీజన్ అయ్యాక భుజానికి ఆపరేషన్. ఇస్రింగ్‌హాసెన్ 6 గెలిచి 14 ఓడాడు, అతనికీ కత్తి గాట్లు తప్పలేదు.

అప్పటి మేనేజర్ డల్లాస్ గ్రీన్ స్వయంగా మాజీ పిచర్. 1980లో ఫిలడెల్ఫియాకు వరల్డ్ సిరీస్ తెచ్చిన మనిషి. విల్సన్, ఇస్రింగ్‌హాసెన్ ఇంకా మేజర్ లీగ్ స్థాయికి రాలేదని 1996 ఆగస్టులో బహిరంగంగానే అన్నాడు. కొద్ది రోజులకే ఉద్యోగం పోయింది, బాబీ వాలంటైన్ వచ్చాడు. గ్రీన్ మాటను చాలామంది కుర్రాళ్ల మీద కోపంగా చదివారు. అందులో ఒక నిజం ఉందని నాకనిపిస్తుంది: పండకముందే కోశారని అతను చెప్పాడు. అది కుర్రాళ్ల తప్పు కాదు.

రెండో వర్గం వాదన కూడా చెప్పాలి. 1997లో ఇస్రింగ్‌హాసెన్ కోపంతో చెత్తడబ్బాను గుద్ది మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, అదే ఏడాది క్షయ కూడా వచ్చింది. వీటికీ ఇన్నింగ్స్‌కూ సంబంధం ఏమిటని వాళ్లు అడుగుతారు. మెట్స్‌లోనే మొదలైన నోలన్ రయన్ 46 ఏళ్ల దాకా వేశాడని గుర్తుచేస్తారు. వాళ్ల చేతిలో ఉన్న గట్టి అస్త్రం మాత్రం వేరు. నేటి పిచర్లు తక్కువ ఇన్నింగ్స్ వేస్తున్నా సర్జరీలు తగ్గలేదు. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ విడుదల చేసిన నివేదిక ప్రకారం ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 147 కిలోమీటర్లుంటే 2024కి 151 దాటింది. ప్రతి బంతినీ పూర్తి బలంతో వేయడమే ప్రధాన సమస్య అని ఆ నివేదిక తేల్చింది. దీన్ని కాదనలేం. అయితే వేగం పెరిగినప్పుడు బంతుల లెక్క ఇంకా జాగ్రత్తగా పెట్టుకోవాలి గానీ వదిలేయమని ఎలా అర్థమవుతుంది?

మన దగ్గర క్రికెట్‌లో ఇలాంటి చర్చే 2025 ఆగస్టులో నడిచింది. ఇంగ్లండ్‌లో బుమ్రా మూడు టెస్టులే ఆడాడు, హైదరాబాదీ సిరాజ్ ఐదూ ఆడి 185 ఓవర్లకు పైగా వేసి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో ఆరు పరుగులతో గెలిపించాక ‘వర్క్‌లోడ్ అనేది ఒట్టి సాకు’ అనే మాట చాలాచోట్ల వినబడింది. సిరాజ్ చేసింది అద్భుతం, అందులో రెండో మాట లేదు. కానీ అప్పటికి అతనికి 31 ఏళ్లు. ఎముక ముదిరి, ఎన్నో ఏళ్లుగా ఆ పనికి అలవాటుపడ్డ శరీరం అది. ఇరవై ఏళ్ల కుర్రాడి లిగమెంట్‌కు దాన్ని కొలబద్దగా పెట్టడం అన్యాయం.

లెక్క పెట్టడమే తప్పని చెప్పేవాళ్లకు ఇష్టమైన ఉదాహరణ 2012 నాటి వాషింగ్టన్ నేషనల్స్. టామీ జాన్ సర్జరీ నుంచి కోలుకున్న స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను 159 ఇన్నింగ్స్ దగ్గర సెప్టెంబర్‌లోనే ఆపేశారు. 98 మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో తొలి సిరీస్‌లోనే, చివరి మ్యాచ్‌లో 6-0 ఆధిక్యం చేజార్చుకుని ఇంటికెళ్లింది. జనరల్ మేనేజర్ మైక్ రిజోను తిట్టనివాడు లేడు. అదే స్ట్రాస్‌బర్గ్ 2019 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఆ తర్వాత అతని శరీరం మళ్లీ సహకరించలేదు, నిజమే. కానీ 2012లో ఆపకపోయి ఉంటే 2019 ఉండేదా అన్నదానికి నా జవాబు ఎప్పుడూ ఒకటే: అనుమానమే.

మెట్స్ సొంత ఇంట్లో జరిగింది ఇంకా దగ్గరి ఉదాహరణ. 2013 అక్టోబర్‌లో మోచేతి సర్జరీ చేయించుకున్న మాట్ హార్వీ 2015లో తిరిగొచ్చాడు. 180 ఇన్నింగ్స్ దాటించొద్దన్నది డాక్టర్ల మాట అని ఏజెంట్ స్కాట్ బోరస్ సెప్టెంబర్‌లో బయటపెట్టగానే పెద్ద గొడవైంది. అభిమానులు హార్వీనే తప్పుబట్టారు, పిరికివాడన్నారు. నవంబర్ 1న వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్. ఎనిమిది ఇన్నింగ్స్, 102 బంతులు, ప్రత్యర్థికి పరుగు లేదు. నీ పని అయిపోయిందని పిచింగ్ కోచ్ చెప్పాడు. హార్వీ డగౌట్‌లో విసవిసా నడుచుకుంటూ మేనేజర్ టెర్రీ కాలిన్స్ దగ్గరికి వెళ్లాడు. కుదరదు, నేనే వేస్తానన్న అతని పెదాల కదలిక టీవీలో అందరికీ కనబడింది. స్టేడియం అతని పేరే జపిస్తోంది. కాలిన్స్ మెత్తబడ్డాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక వాక్ (నాలుగు గురితప్పిన బంతులకు ఉచితంగా దక్కే బేస్), ఒక డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్), ఒక పరుగు. హార్వీని దింపారు గానీ స్కోరు సమమైపోయింది. 12వ ఇన్నింగ్స్‌లో మెట్స్ 7-2తో ఓడింది, కప్పు కాన్సస్ సిటీకి పోయింది. ఆ ఏడాది హార్వీ వేసినవి ప్లేఆఫ్స్‌తో కలిపి సరిగ్గా 216 ఇన్నింగ్స్. మరుసటి జులైలో భుజం దగ్గర నరం నొక్కుకుపోతోందని ఆపరేషన్ చేశారు. ఆ పాత హార్వీని తర్వాత ఎవరూ చూడలేదు.

ఆ రాత్రి హార్వీ తానే అడిగాడు కదా అంటారు. ఇరవైల్లో ఉన్న పిచర్ ఎప్పుడైనా చాలు అంటాడా? అందుకే ఆ మాట పెద్దవాళ్లు అనాలి. పిల్లల బేస్‌బాల్‌లో ఇది ఎప్పుడో ఒప్పుకున్నారు. లిటిల్ లీగ్‌లో 2007 నుంచి బంతుల లెక్క నిబంధన ఉంది. 11, 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 85 బంతులే. 66 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాల్సిందే. అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్‌లో ఆడించే మన తెలుగు తల్లిదండ్రులకు ఈ అంకెలు కంఠతా వచ్చే ఉంటాయి. 1994లో బింగమ్‌టన్ కుర్రాడి కోసం ఇంత మాత్రం లెక్క కూడా లేదు.

ఆ ముగ్గురిలో ఇస్రింగ్‌హాసెన్ ఒక్కడే నిలబడ్డాడు, అదీ వేరే రూపంలో. మొదటి నుంచి ఏడెనిమిది ఇన్నింగ్స్ వేసే స్టార్టర్‌గా కాదు. మ్యాచ్ చివర్లో వచ్చి ఒక్క ఇన్నింగ్స్ వేసే క్లోజర్‌గా ఓక్లండ్, సెయింట్ లూయిస్ జట్లకు ఏళ్ల తరబడి ఆడి, 2011 ఆగస్టులో మళ్లీ మెట్స్ చొక్కాలోనే 300వ సేవ్ (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడినందుకు క్లోజర్ ఖాతాలో పడే లెక్క) అందుకున్నాడు. అప్పటికి 38 ఏళ్లు. విల్సన్ మెట్స్ వదిలాక టాంపా బే, సిన్సినాటి జట్లకు ఆడాడు. పల్సిఫర్ మేజర్ లీగ్‌లో మొత్తం మీద గెలిచినవి 13 మ్యాచ్‌లు. ‘జనరేషన్ కె’ అని పోస్టర్లకెక్కిన ఈ ముగ్గురూ ఒకే రొటేషన్‌లో, అంటే వంతులవారీగా బంతులేసే స్టార్టర్ల జాబితాలో, మెట్స్‌కు ఒక్క వారం కూడా కలిసి ఆడలేదు.