వడదెబ్బ: కాగితానికి ఎక్కని మరణాలు

మే నెల వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త తప్పదు. వడదెబ్బతో వృద్ధురాలి మృతి, లేదా ఉపాధి పనికి వెళ్లి కుప్పకూలిన కూలీ. నాలుగు రోజులు గడిచాక వివరణ వస్తుంది: ఆమెకు ముందే బీపీ ఉంది, అతడికి గుండె జబ్బు ఉంది, కాబట్టి అది వడదెబ్బ కాదు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. చిక్కంతా చావుకు ఒక్క కారణమే రాయమనే పద్ధతిలో ఉంది. ఎండ చాలామందిని అప్పటికే ఉన్న జబ్బుతోనే పొట్టన పెట్టుకుంటుంది. ఈ గొడవకు ఇక్కడ నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు ఈ నేల సంగతి. పాత చిత్తూరు జిల్లాను ఒకే వాతావరణం కింద జమకట్టడానికి వీల్లేదు. తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున, శేషాచలం కొండల పాదాల దగ్గర ఉంది. చిత్తూరు సుమారు 300 మీటర్లు, మదనపల్లె సుమారు 700, హార్స్‌లీ కొండ 1,200 పైచిలుకు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి దాదాపు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే తిరుపతి 42 డిగ్రీల్లో ఉడుకుతున్న రోజున మదనపల్లె మూడు నాలుగు డిగ్రీలు తక్కువలో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో తూర్పున సూళ్లూరుపేట, పులికాట్ తీరం కూడా ఉన్నాయి. అక్కడ థర్మామీటరు తక్కువే చూపిస్తుంది కానీ చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి, తీరంలోని 37 డిగ్రీలు ఒక్కోసారి తిరుపతి 42 కన్నా ప్రమాదకరం.

ఎండాకాలం ఇక్కడ మేతో ముగియదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే తడిని చాలావరకు దించేసుకుని, పొడిగాలిగా మన మీదికి వస్తాయి. ఆ పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి లోపలికి రావడానికి సాయంత్రం దాకా తంటాలు పడుతుంది. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అనే సామెత మే నెలాఖరుదే అయినా, జూన్‌లోనూ రోళ్లకు తెరిపి ఉండదు.

వాతావరణం ఈ ప్రాంతంలో జనాన్ని సామూహికంగా చంపిన పెద్ద సందర్భం 1876–78 నాటి ధాత కరువు. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. వరుసగా వానలు తప్పాయి. 1877 ఆరంభంలో కరువు పనుల పర్యవేక్షణకు వచ్చిన బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్, మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్, అంటే ప్రజారోగ్య అధికారి, కార్నిష్ అది మనిషిని నిలబెట్టదని వాదించాడు. ఆ కొన్ని నెలల వాదులాట వివరాలు ఈనాటికీ కోపం తెప్పిస్తాయి. మరణాల రిజిస్టర్లలో మాత్రం ఎక్కువగా కనిపించేవి కలరా, జ్వరం, విరేచనాలు. ఆకలితో చిక్కిపోయిన ఒంటిని చివరికి ఏ రోగం తీసుకుపోయిందో ఆ రోగం పేరే రాశారు. వానలు తిరిగి పడ్డాక మలేరియా విజృంభించి మిగిలినవాళ్లను పట్టుకుంది. కరువు చంపింది, కాగితం మీద జ్వరం చంపింది.

ఆ తర్వాతి అధ్యాయం పూర్తిగా వేరు. ఇదే వాతావరణాన్ని మందుగా వాడారు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడి, మదనపల్లె అందులో కలిసింది. మరుసటి ఏడాదే డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో మదనపల్లె దగ్గర క్రైస్తవ మిషన్ల ఉమ్మడి క్షయ శానటోరియం, అంటే రోగులు నెలల తరబడి ఉండి కోలుకునే ఆసుపత్రి, మొదలైంది. ఆ చోటికి ఆరోగ్యవరం అనే పేరు స్థిరపడింది. క్షయకు మందు లేని కాలం అది. పొడి గాలి, మితమైన ఎండ, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇవే వైద్యం. ఎక్కడెక్కడి రోగులో ఆ గాలి కోసం వచ్చేవారు.

గాలి మీద ఆ నమ్మకానికి పరీక్ష 1956లో మద్రాసులో జరిగింది. అక్కడి క్షయ పరిశోధన కేంద్రం కొందరు రోగులకు శానటోరియంలోనూ, మరికొందరికి ఇరుకు వాడల్లోని వాళ్ల ఇళ్లలోనూ అవే మందులు ఇచ్చింది. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవాళ్లు దాదాపు అంతే బాగా కోలుకున్నారు. శానటోరియాల యుగం దానితో ముగింపుకొచ్చింది. ఆ పరీక్ష వల్ల చల్లని ఊరు రోగాన్ని నయం చేస్తుందన్న ధీమా పోయింది. అయితే వాతావరణానికీ ఆరోగ్యానికీ ముడి గురించిన ఆలోచన కూడా వైద్య పాఠాల్లో కొన్ని దశాబ్దాలు వెనకబడింది. అది నష్టమనే నా అభిప్రాయం.

తిరిగి ఎండ పతాక శీర్షికల్లోకి వచ్చింది శవాల లెక్కతోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 మేలో వెయ్యికి పైగా, 2003లో మూడు వేలకు పైగా వడదెబ్బ మరణాలు నమోదయ్యాయి. అదే 2003 ఆగస్టులో యూరప్‌లో ఎండలు మండాయి. అక్కడి వాళ్లు వడదెబ్బ అని రాసిన కాగితాలు ఏరుకోలేదు. ఆ రోజుల్లో మామూలుగా ఎందరు చనిపోవాలి, నిజంగా ఎందరు చనిపోయారు అని చూసి తేడా తీశారు. ఆ వేసవి మొత్తానికి ఆ తేడా 70 వేలకు పైగా వచ్చింది. మన మూడు వేలను అదే పద్ధతిలో లెక్కించి ఉంటే ఎంత తేలేదో ఊహించుకోవచ్చు.

2015లో విభజిత ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300కు పైగా మరణాలు చూపారు. మృతుల కుటుంబాలకు లక్ష రూపాయల పరిహారం ప్రకటించారు. పరిహారం వచ్చాక ధ్రువీకరణ వచ్చింది. తహసీల్దారు, ఎస్‌ఐ, వైద్యాధికారి కలిసిన త్రిసభ్య కమిటీ ఔనంటేనే అది వడదెబ్బ. డబ్బు పంచేటప్పుడు ఇలాంటి వడపోత అవసరమే, కాదనలేం. కానీ పరిహారం కోసం పెట్టిన వడపోతే ప్రజారోగ్యానికి లెక్కగా మారింది. పోస్టుమార్టం ఆలస్యమైతే ఒంటి వేడి ఎంత ఉండేదో తేలదు. మొత్తంగా దేశంలో నమోదయ్యే మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించేవి ఐదింట ఒక వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

శరీరంలో జరిగేది ఏమిటో తెలిస్తే ఎండ చావు ఆ కమిటీకి ఎందుకు అందదో అర్థమవుతుంది. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె వేగంగా కొట్టుకోవాలి. చెమటతో నీరు, ఉప్పు పోతాయి, రక్తం చిక్కబడుతుంది, మూత్రపిండాలకు అందే రక్తం తగ్గుతుంది. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు తడబడితే అది వడదెబ్బ, అందరికీ కనిపిస్తుంది. అంతకు ముందే ఒక బలహీనమైన గుండె ఆగిపోతే ఎవరికీ కనిపించదు. రేకుల ఇంట్లోనో, పగలంతా కాగిన కాంక్రీటు కప్పు కిందో రాత్రి కూడా తెరిపి లేని ముసలివాళ్లు మూడో నాలుగో రోజున పోతారు. వాళ్లు ఎండలోకి అడుగే పెట్టి ఉండరు. మాత్రల సంగతి ఎవరూ అంతగా చెప్పరు: బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లోని నీటిని మరింత బయటికి పంపుతాయి.

చలిని కూడా మరవకూడదు. 2015లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించిన 13 దేశాల అధ్యయనంలో ఉష్ణోగ్రత వల్ల జరిగిన మరణాల్లో అత్యధిక భాగం చలి కోటాలోనే పడింది. అదీ గడ్డకట్టే చలి కాదు, ఓ మోస్తరు చలి. ఆ దేశాల్లో భారత్ లేదు. వేడి రెండు మూడు రోజుల్లో చంపితే, చలి ప్రభావం వారాల తరబడి సాగుతుంది. మదనపల్లె డిసెంబరుకు ఇది వర్తించే మాట.

ఇంకో అధ్యయనం మనకు మరీ దగ్గర. 2024లో వెలువడిన ఆ పరిశోధన హైదరాబాద్, చెన్నై, బెంగళూరు సహా పది భారతీయ నగరాల్లో 2008–2019 మధ్య మరణాలను చూసింది. ఆయా ఊళ్లకు అరుదైన తీవ్ర వేడి వరుసగా రెండు రోజులు ఉంటే రోజువారీ మరణాలు సుమారు 14.7 శాతం పెరిగాయి. మామూలుగా చల్లగా ఉండే నగరాల్లోనే ఈ దెబ్బ ఎక్కువగా కనిపించింది. అలవాటు లేని ఒంటికి తక్కువ వేడే ఎక్కువ. వాతావరణ శాఖ నిబంధన ప్రకారం మైదానంలో 40 డిగ్రీలు తాకితే తప్ప వడగాలి మాట ఎత్తరు. తిరుపతికి అది సరిపోవచ్చు. మదనపల్లెలో 38 డిగ్రీలు వచ్చిన రోజున ఏ హెచ్చరికా రాకపోవచ్చు. ఇప్పుడు మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తున్నారు. అది మంచి మార్పే. కానీ మండలానికో కొలత పెట్టకుండా మండలానికో హెచ్చరిక ఇస్తే పని సగమే అయినట్టు.

జనానికి ఈ తెలివి లేక కాదు. పంచాంగంలో మే మొదటి వారంలో మొదలయ్యే కర్తరిలో ఇల్లు కట్టరాదు, మట్టి తవ్వరాదు, చెట్టు కొట్టరాదు అంటారు. ఆ నియమం కూలీల మీద దయతో పెట్టారని నేను చెప్పను, కానీ మండే ఎండలో చేసే పనులన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి. తిరుమలలో చెప్పులు లేకుండా నడిచే భక్తుల కోసం మాడవీధుల్లో తెల్లటి చలువ రంగు వేస్తారు, పందిళ్లు వేస్తారు, మజ్జిగ పోస్తారు. చిత్తూరు పల్లెల్లో రాగి అంబలి ఇంకా మిగిలే ఉంది. మామిడి కోతలు మాత్రం ఎండ తగ్గేదాకా ఆగవు. కాయ పండిపోతే గుజ్జు ఫ్యాక్టరీ ధర తగ్గించేస్తుంది.

లెక్క సరిచేయడానికి ఒక నమూనా మన దేశంలోనే ఉంది. 2010 మేలో అహ్మదాబాద్ ఉడికిపోయింది. తర్వాత పరిశోధకులు నగర మరణాల రిజిస్టరు తీసి, ఇతర ఏళ్ల మే నెలలతో పోల్చారు. 1,344 మరణాలు అదనంగా కనిపించాయి. 2013లో దక్షిణాసియాలో మొదటి వడగాలుల ప్రణాళిక అక్కడే అమలైంది. తిరుపతి నగరపాలక సంస్థ దగ్గరా అలాంటి జనన మరణాల రిజిస్టరే ఉంది, ఉష్ణోగ్రతల రికార్డూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టడం ఖర్చుతో కూడిన పని కాదు. ఒక్క చిక్కు మాత్రం ఈ ఊరికే ప్రత్యేకం. మన చట్టం ప్రకారం మరణం జరిగిన చోటే నమోదవుతుంది. అలిపిరి మెట్ల మీద గుండె ఆగిన యాత్రికుడు తిరుపతి లెక్కలో పడతాడు. దర్శనం ముగించుకుని, నీరసంతో రైలెక్కి, సొంత ఊరు చేరాక పోయినవాడు పడడు. స్థానికులను, యాత్రికులను విడదీయకుండా ఏ వేసవి అంకె తీసినా అది తిరుపతిది కాదు. చిరునామా గడిని కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించి మొదలుపెట్టాల్సిన పని ఇది.